ఈ ఏడాది అయిదు నాటకాలు

జూన్ 11, సోమవారం

ప్రిన్సిపాల్ పిలిచి కుర్చీ చూపించాడు. ఆయన కుర్చీ చూపించాడంటే పని పెద్దదన్నమాట. చిన్న పనులన్నీ నిలబెట్టే చెబుతాడు.

రెండో సంవత్సరం పిల్లలకు చెప్పబోయే అయిదు నాటకాలనూ ఇకమీదట పరిశీలన శాఖ చూసి సరేనంటేనే చెప్పాలట. కొత్త ఉత్తర్వు. "భయపడాల్సిందేం లేదు మేడం. మామూలుగానే ఎంచుకోండి. కాకపోతే కాస్త చూసుకుని మామూలుగా ఎంచుకోండి," అన్నాడు.

మధ్యాహ్నం ఇనప బీరువాలోని నాటకాలన్నీ దించి బల్ల మీద పరిచాను. మాస్టారు ఎదురుగా కూర్చుని ఒక్కోదాన్నీ తిరగేశారు. నాకు నాటకం నేర్పిందీ ఈయనే. రిటైరైనా కాలేజీ ఈయన్ని వదల్లేదు, ఈయనా కాలేజీని వదల్లేదు; ఇంకా పాఠాలు చెబుతూనే ఉన్నారు.

"నాటకాలు ఎంచుకోవడమంటే విందుకు మనుషుల్ని పిలవడమేనమ్మా," అన్నారు. "అందరూ మంచివాళ్ళయితే చాలదు. పక్కపక్కన కూర్చోబెడితే పోట్లాడుకోవాలి."

చివరికి తేల్చాను. 'రాజుగారి నిద్ర', పిల్లలకు పద్యం నోరు తిరగాలి కనుక. 'మూడో కోడలు'. కడుపుబ్బ నవ్వించే 'అద్దె గది'. 'చెవిటి జడ్జి'. మాస్టారు అప్పటికప్పుడు జడ్జి వేషం చదివి వినిపించారు. మిల్లు ప్రమాదం మీద విచారణ చేస్తున్న పెద్ద జడ్జిగారు గొంతు సవరించుకునే తీరు అచ్చు దింపేశారు. నవ్వలేక చచ్చాను.

అయిదోది 'ఆరో నంబరు గని'. గని కూలుతుంది. ఆడవాళ్ళు గని ముందు నిలబడి "లోపల ఎవరున్నారు?" అని అడుగుతారు. లోపల ఎవరున్నారో యాజమాన్యానికి తెలుసు, చెప్పరు. నాటకమంతా అదొక్కటే ప్రశ్న. నేను పుట్టకముందు, ఎక్కడో రాసింది. కానీ పోయినేడు ఇక్కడ నూలు మిల్లు తగలబడింది. లోపల ఎంతమంది ఉన్నారో ఈరోజుకీ ఎవరూ చెప్పలేదు.

దాన్ని పక్కన పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టాను. మాస్టారు చూస్తూ ఊరుకున్నారు.

చివరికి చేర్చాను. బాగుంది కాబట్టి చేర్చాను. ఇంకో కారణం లేదు.

జూన్ 17, ఆదివారం

చిట్టి భోజనానికి వచ్చాడు. వాడు ఈ ఊరికి బదిలీ మీద వచ్చి నెలయింది, భార్యాపిల్లలు ఇంకా అక్కడే. ఆదివారాలు నా దగ్గరే తినాలని నేనే ఒట్టు పెట్టించుకున్నాను. అమ్మ పోయేనాటికి వాడు పసివాడు. కథ చెబుతూ ముద్దలు పెట్టేదాన్ని. కథ ఆపితే నోరు మూసేసేవాడు. ఇప్పుడు జుట్టు పల్చబడ్డ ఆఫీసరు. అయినా కంచం ముందు కూర్చోగానే "ఊఁ, చెప్పక్కా" అంటాడు.

ఏ శాఖలో అంటే ఇన్నాళ్ళూ నవ్వి దాటేశాడు. ఈరోజు చెప్పాడు. పరిశీలన శాఖట!

"అయితే నా నాటకాలు నీ దగ్గరికే వస్తాయేంట్రా?"

"వస్తే సంతకం పెట్టేస్తాలే. అన్నం పెట్టే చేతికి అడ్డు చెబుతానా?"

గుండెల మీంచి బండ దించినట్టయింది. అయిదు నాటకాలూ వరసగా చెప్పాను. 'చెవిటి జడ్జి' దగ్గరకొచ్చేసరికి మాస్టారు ఎలా చేశారో గరిటె పట్టుకుని చేసి చూపించాను. చిట్టికి పొలమారింది. నెత్తి మీద తట్టాను. చాన్నాళ్ళకి వాడలా నవ్వడం.

"మాస్టారు అంత బాగా చేస్తారా?"

"చూడాల్సిందే. పిల్లలు కూడా పడీ పడీ నవ్వారు."

మా అమ్మాయి సగంలో లేచి వెళ్ళిపోయింది. నా క్లాసులోనే చదువుతోంది కదా, ఇంట్లో కూడా పాఠం వినాలంటే విసుగే మరి. ఈమధ్య దానికి ఆకలీ సరిగా ఉండడం లేదు.

జూన్ 21, గురువారం

'చెవిటి జడ్జి' తీసేయమన్నారు. బతికున్న న్యాయమూర్తిని ఎగతాళి చేయడానికి ఆ నాటకం వాడుతున్నారని పై నుంచి అభ్యంతరమట. ప్రిన్సిపాల్ ఈసారి కుర్చీ చూపించలేదు.

మాస్టారు గొంతు సవరించిన సంగతి వాళ్ళకెలా తెలిసింది? ఆ గదిలో మేమిద్దరం, తలుపు దగ్గర నలుగురు పిల్లలు. టీ తెచ్చిన అటెండరు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు.

సాయంత్రం మాస్టారిని ఆఫీసు గదిలోకి పిలిచారు. బయటికి వచ్చాక నా వైపు చూసి నవ్వారు. గొంతు మాత్రం సవరించుకోలేదు.

జూన్ 22, శుక్రవారం

మాస్టారు రాలేదు.

జూన్ 24, ఆదివారం

చిట్టిని అడిగాను, మాస్టారి సంగతి కాస్త చూడమని. "చూస్తానక్కా. పెద్దవాడు కదా, ఏమీ కాదు," అన్నాడు. మాస్టారి ఇంటికి ఎవరెవరు వస్తూపోతూ ఉంటారని అడిగాడు. సాయం చేయాలంటే అవన్నీ తెలియాలి కదా. పాత శిష్యులు వస్తారనీ, సాయంత్రాలు డాబా మీద నాటకాలు చదువుకుంటారనీ చెప్పాను. జడ్జి బదులు 'తోడికోడళ్ళ తగువు' పెట్టాననీ చెప్పాను.

"మంచిపని చేశావు. గొడవ లేనిది," అన్నాడు. వాడు మెచ్చుకుంటే ఈ వయసులోనూ నాకు సంతోషమే.

వాడు వెళ్ళాక అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, మామయ్యకి అన్నీ చెప్పాలా?"

"వాడు నా తమ్ముడే. చంకనెత్తుకుని తిరిగాను వాణ్ణి."

"అది కాదమ్మా నేనడిగింది."

"మరేంటే?"

ఏమీ లేదంది. నీళ్ళు తాగి వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళ పిల్లలకి ప్రపంచంలో అందరూ శత్రువులే.

జూలై 3, మంగళవారం

మాస్టారికి "ఆరోగ్య కారణాల వల్ల" సెలవు ఇచ్చారు. ఆయన అడగలేదు, వాళ్ళే ఇచ్చారు. ఆయన బల్ల సొరుగులు ఖాళీ చేసి బల్లను గోడవైపు తిప్పేశారు. ఎందుకు తిప్పారో తెలియదు. తప్పు చేసిన పిల్లవాడిని గోడవైపు నిలబెట్టినట్టుంది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు సగమే తెరిచారు. ఎప్పుడూ నా చెప్పుల చప్పుడు వింటేనే "రామ్మా రా" అనే మనిషి, గుమ్మంలోనే నిలబడి ఈ ఏడు వానలు ఆలస్యమని గట్టిగా, వీధికి వినపడేలా మాట్లాడారు. ఎదురింటి ముందు ఎవరిదో కారు ఆగి ఉంది. డాబా మీద సాయంత్రాలు లేవట. పాత శిష్యుల్లో ఇద్దరిని పిలిచి అడిగారట.

"లోపలికి రమ్మనరా?" అన్నాను.

ఆయన గొంతు తగ్గించారు. "నువ్వు మంచిదానివమ్మా. నా భయమంతా అదే."

దారంతా ఆ మాటే ఆలోచిస్తూ వచ్చాను. పెద్దవాళ్ళైపోయారు. భయంతో ఏదో అంటున్నారు.

జూలై 11, బుధవారం

ఈరోజు 'ఆరో నంబరు గని' మొదలుపెట్టాను. పరిశీలన శాఖ నుంచి సరే అనలేదు, వద్దనీ అనలేదు. ఆ సందులోంచి దూరాను.

ముసలమ్మ వేషం ఎవరు చదువుతారంటే కంచు లేచింది. అసలు పేరు హాజరు పట్టీలోనే ఉంటుంది, అందరం ఆ పిల్లని కంచు అనే పిలుస్తాం. ఎత్తు తక్కువ, గొంతు మాత్రం కంచుగంట. ఆ పిల్ల తల్లి నూలు మిల్లులో దారం చుట్టే పని చేసేది. పోయినేడు ఆ రోజు పనిలోకి వెళ్ళింది. మరి రాలేదు. శవం ఇవ్వలేదు, కాగితమూ ఇవ్వలేదు. "గైర్హాజరు" అన్నారట.

కంచు నిలబడి చదివింది. "అయ్యా, మా వాడి పేరు చెప్పండి. బతికున్నాడని చెప్పొద్దు. చచ్చాడని చెప్పొద్దు. పేరొక్కటి చెప్పండి, వాడు లోపలికి వెళ్ళాడని నమ్ముతాను." చదువుతున్నట్టు లేదు. ఎక్కడా గొంతు పెంచలేదు. అంత గొంతున్న పిల్ల, పక్కింటివాళ్ళని పిండి అరువడిగినట్టు అడిగింది. తర్వాత పుస్తకం మూసి, ఆ మాటే ఇంకోసారి అంది. ఈసారి "మా వాడి" అనలేదు. "మా అమ్మ" అంది.

మా అమ్మాయి కంచు చేయి పట్టుకుంది. వెనక బెంచీలో పెన్సిలు ఒక్కతే తలొంచుకుని ఏదో రాస్తూ ఉంది. అందరూ పెన్నులతో రాస్తే ఆ పిల్ల పెన్సిలుతో రాస్తుంది, పెదవి విప్పదు. ఏం రాస్తుంది అంతలా?

ఇన్నేళ్ళుగా పాఠం చెబుతున్నాను. ఇలాంటి గంట ఒక్కటీ రాలేదు నాకు. దీన్ని ఎవరికీ చెప్పకూడదు. ఇది ఆ పిల్లది.

జూలై 15, ఆదివారం

చిట్టి వచ్చాడు. మామూలే.

క్లాసు ఎలా సాగుతోందన్నాడు. బాగానే ఉందన్నాను. నా మొహం చూసి, "ఏదో ఉంది, చెప్పక్కా," అన్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ అనేది. అయినా జాగ్రత్తగానే ఉన్నాను. ఒక పిల్ల అద్భుతంగా చదివిందని మాత్రం చెప్పాను. తల్లి మిల్లులో పోయిందనీ, హాస్టల్లో ఉంటుందనీ, ఆ బాధంతా గొంతులోకి వచ్చిందనీ అన్నాను. పేరు చెప్పలేదు.

పేరు మాత్రం చెప్పలేదు.

జూలై 18, బుధవారం

క్లాసు వెనక ఇద్దరు మగవాళ్ళు వచ్చి కూర్చున్నారు. తనిఖీ అన్నారు. చదవడానికి ఎవరూ లేవలేదు. నేనే చదివాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.

జూలై 19, గురువారం

హాస్టల్లో కంచు గది సోదా చేశారు. పరుపు కోసి చూశారు. తల్లి ఫోటో పట్టుకుపోయారు. కంచుని రేపు ఉదయం సంచీ సర్దుకుని హాస్టల్ ఖాళీ చేయమన్నారు. గది మరమ్మతులట.

'ఆరో నంబరు గని' తీసేశారు. బదులు ఏదైనా నవ్వులది పెట్టమన్నాడు ప్రిన్సిపాల్. "మీరే ఎంచుకోండి మేడం. పూర్తి స్వేచ్ఛ మీది," అన్నాడు. 'ఇద్దరల్లుళ్ళు' పెట్టాను. కర్ర విరక్కూడదు, పాము చావకూడదు. ఈ ఏడాది గడిస్తే పై ఏడాది చూసుకోవచ్చు.

క్లాసులోకి వెళ్ళేసరికి కంచు చోటు ఖాళీగా ఉంది. నాకేమైందో తెలియదు. తిన్నగా వెనక బెంచీకి వెళ్ళి, పెన్సిలుని లేపి, "ఎవరికి చేరేస్తున్నావమ్మా ఈ రాతలన్నీ?" అని అందరి ముందూ అడిగాను. ఆ పిల్ల నోట్సు తీసుకుని నా చేతిలో పెట్టింది. అన్నీ బొమ్మలు. రంగస్థలం బొమ్మలు. గని ముఖం ఎక్కడుండాలి, ఆడవాళ్ళు ఎక్కడ నిలబడాలి, దీపం ఎటునుంచి పడాలి.

తిరిగిచ్చేశాను. క్షమించమనలేదు. టీచర్లు అలా అడిగితే క్రమశిక్షణ పోతుంది.

ఇంకెవరో ఉన్నారు. కచ్చితంగా ఉన్నారు.

జూలై 22, ఆదివారం

చిట్టి వచ్చాడు. నేను మాట్లాడలేదు, తలనొప్పి అన్నాను. వాడే అంట్లు కడిగి వెళ్ళాడు.

జూలై 30, సోమవారం

'ఇద్దరల్లుళ్ళు' చెబుతున్నాను. ఎవరూ నవ్వడం లేదు. పెద్దల్లుడు గోడ దూకే చోట గచ్చు మీద కుర్చీ కాలు కిర్రుమన్న చప్పుడు కూడా వినిపించింది.

ఆగస్టు 1, బుధవారం

ఉదయం అమ్మాయి స్నానాల గదిలో నీళ్ళు వదిలి ఏదో చదువుకుంటోంది. తలుపు దగ్గర ఆగాను. "పేరొక్కటి చెప్పండి." గని నాటకం. ముసలమ్మ ఆ మాట మళ్ళీ అడిగి, ఇంజనీరు బదులిచ్చే మూడో అంకం. కాలేజీలో ఆపేసింది మొదటి అంకంలోనే.

బయటికి రాగానే పట్టుకున్నాను.

"ఎక్కడ వేస్తున్నారే?"

తల తుడుచుకుంటోంది.

"ఎక్కడ? ఎప్పుడు? కంచు ఎక్కడుంది? నేను మీ టీచర్ని. నీ కన్నతల్లిని. నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతావు?"

"నీకు చెప్పనమ్మా."

"ఎందుకు?"

తువ్వాలు భుజాన వేసుకుంది. కోపంగా లేదు. అదే నాకు భయమేసింది. "నీకు చెబితే అది ఆదివారం అన్నంలో కలిసిపోతుంది," అంది.

కొట్టాను. చెంప మీద. ఎప్పుడూ కొట్టలేదు దాన్ని, వాళ్ళ నాన్న పోయాక ఒక్క దెబ్బ వేయలేదు.

అది చెంప పట్టుకోలేదు. "జడ్జి సంగతి ఎవరికి చెప్పావు? మాస్టారింటికి ఎవరొస్తారో ఎవరికి చెప్పావు? తల్లి మిల్లులో పోయిన పిల్ల హాస్టల్లో ఉందని ఎవరికి చెప్పావు? పక్క గదిలోంచి నాకే వినిపించింది," అని బట్టలు వేసుకుని వెళ్ళిపోయింది.

పిల్లలు ఏదో అంటారు. నేను వాడికి పేర్లు చెప్పలేదు. ఒక్క పేరూ చెప్పలేదు.

ఆగస్టు 2, గురువారం

కూరగాయలు తరుగుతున్నాను. వేలు తెగింది. అప్పటిదాకా లెక్క కడుతున్నానని కూడా నాకు తెలియదు. జడ్జి సంగతి ఆదివారం చెప్పాను, గురువారానికి నాటకం పోయింది. డాబా సంగతి ఆదివారం చెప్పాను, పది రోజులు తిరక్కుండా డాబా ఖాళీ అయింది. కంచు సంగతి ఆదివారం చెప్పాను, బుధవారానికి ఇద్దరు వచ్చి కూర్చున్నారు. తనొక్కతే కదా ఆ క్లాసులో తల్లి మిల్లులో పోయిన పిల్ల. పేరెందుకు వాళ్ళకి?

గరిటె పట్టుకుని మరీ ఆడి చూపించాను.

కాలేజీకి వెళ్ళి పెన్సిలుని క్లాసు ముందుకు పిలిచాను. అందరి ముందూ అనుమానించాను కాబట్టి అందరి ముందూ క్షమించమన్నాను. ఆ పిల్ల తలూపింది. క్లాసులో ఇంకెవరూ నా వైపు చూడలేదు. వీళ్ళందరికీ తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు.

ఆగస్టు 5, ఆదివారం

పొద్దున్నే తలుపుకి తాళం వేసి ఎటైనా పోదామనుకున్నాను. పోతే వాడికి అర్థమైపోతుంది. వండాను.

చిట్టి ఈరోజు "చెప్పక్కా" అనలేదు. మెల్లగా తిన్నాడు. రెండోసారి వడ్డించాక అన్నాడు, "అక్కా, పిల్లలేదో నాటకం వేస్తున్నారట కదా. ఎప్పుడంట?"

"ఏ పిల్లలు?"

"నన్ను అడుగుతావేంటక్కా. మన పిల్ల కూడా ఉంది అందులో." ముద్ద కలుపుతూనే మాట్లాడాడు. "నేను నీ మంచికే అడుగుతున్నాను. నాకు ముందు తెలిస్తే, మన పిల్లని ఆ రోజు బయటికి రాకుండా చూసుకుంటాను. తెలియకపోతే, నా వాళ్ళకి మేనకోడలని తెలియదు. చీకట్లో లాఠీకి చుట్టరికం తెలియదక్కా."

"మిగతా పిల్లలు?"

"మిగతా పిల్లలకి మామయ్యలు లేరా ఏంటి?" నవ్వాడు. వాడు వేళాకోళం ఆడినప్పుడు ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది. చిన్నప్పటి సొట్టే. ఆ సొట్ట చూసే ఏదడిగినా ఇచ్చేదాన్ని.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాకు తెలియదంటే నమ్మడు. చెప్పనంటే అమ్మాయిని ఇవాళే పట్టుకుపోతాడు. నేను నటిని కాను. ఇన్నేళ్ళు నటన నేర్పానే కానీ వేదిక ఎక్కి ఎరగను నేను. అయినా మజ్జిగ పోస్తూ, గిన్నె వైపు చూస్తూ, ఎప్పటిలాగే వాగేసినట్టు అన్నాను:

"దాన్నేం అనకురా. చిన్నపిల్ల. మూసేసిన పాత సినిమా హాలుంది చూడు, అక్కడట. శుక్రవారం సాయంత్రం. నేను చెప్పానని తెలిస్తే నా మొహం చూడదు."

చిట్టి నా వైపు చాలాసేపు చూశాడు. తర్వాత, "ఎందుకు తెలుస్తుంది?" అన్నాడు. చేయి కడుక్కుని, పోతూ పోతూ నా భుజం నొక్కాడు.

వాడి అడుగుల చప్పుడు మెట్ల మీద వినిపించకుండా పోయాక అసలు భయం పట్టుకుంది. నేను అబద్ధం చెప్పాను. కానీ నిజమేమిటో నాకు తెలియదు. అమ్మాయి నాకు చెప్పలేదు. నా అబద్ధమే నిజమైతే?

అది ఇంటికి వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చున్నాను. రాగానే చెప్పాను. "మామయ్య అడిగాడు. అబద్ధం చెప్పాను. పాత సినిమా హాలని, శుక్రవారమని."

దాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎలా తెలిసిందమ్మా నీకు?"

నాకు తెలియలేదు. ఈ ఊళ్ళో నాటకం వేయాలంటే నేనైతే ఎక్కడ వేస్తానో, ఏ రోజు మిల్లు పేట వాళ్ళు ఖాళీగా ఉంటారో, అదే నోటికి వచ్చింది. ఎవరికైనా అదే తడుతుంది. దానికీ నాటకం నేర్పింది నేనే కదా.

గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నేను దగ్గరికి వెళ్ళలేదు. నమ్మమని అడిగే హక్కు నాకెక్కడిది? చాలాసేపటికి లేచి చెప్పులు వేసుకుంది. "మార్చుకోవాలి," అంది. మెట్లు దిగుతూ ఆగి, "చెప్పడం మంచిదైంది," అంది.

ఆగస్టు 7, మంగళవారం

'ఇద్దరల్లుళ్ళు' పుస్తకం తెరిచి మూసేశాను. వాళ్ళని చూస్తూ కూర్చున్నాను. గంట కొట్టేదాకా ఎవరూ లేవలేదు.

ఆగస్టు 9, గురువారం

పొద్దున అమ్మాయి గుమ్మంలో ఆగింది. "మధ్యాహ్నం మిల్లు వెనక, బళ్ళు ఆగే చోటికి రా. వస్తే రా."

వెళ్ళాను. కాలిపోయిన గోడ ఇంకా నల్లగానే ఉంది. గేటు బయట లారీలు ఆగే ఖాళీ స్థలం. వేదిక లేదు, తెర లేదు, దీపాలు లేవు, పట్టపగలు. పెన్సిలు సుద్దతో నేల మీద గీతలు గీసింది. మిల్లుగోడలో తలుపు ఊడిపోయిన పెద్ద రంధ్రమే గని ముఖం. ఆ పిల్ల బొమ్మల్లో ఉన్నట్టే. మాస్టారు తలకు కండువా చుట్టుకుని ఒక మూల నిలబడి ఉన్నారు. నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చారు.

మొదట పదిమంది కూడా లేరు. కంచు మొదలుపెట్టాక సందుల్లోంచి రావడం మొదలైంది. పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్ళు, పాలిపోయిన మొహాల మగవాళ్ళు. ఏ నాటకమో వాళ్ళెవరికీ తెలియదు. మూడో అంకంలో ముసలమ్మ మళ్ళీ "పేరొక్కటి చెప్పండి" అనగానే జనంలోంచి ఒకావిడ ఒక పేరు చెప్పింది. ఆవిడ మొగుడి పేరు. ఇంకొకరు ఇంకో పేరు చెప్పారు. తర్వాత ఒక ముసలాయన, ఇద్దరు కూతుళ్ళ పేర్లు. కంచు నాటకం ఆపేసింది. ఆపేసి వింటూ నిలబడింది. మా అమ్మాయి ఇంజనీరు వేషం వేసింది, టోపీ తీసి చేత్తో పట్టుకుంది. పేర్లు వస్తూనే ఉన్నాయి. ఏడాదిగా ఎవరూ అడగని పేర్లు. చివర్న కంచు వాళ్ళమ్మ పేరు చెప్పింది, ఇన్నాళ్ళకి ఆ పిల్ల గొంతు పూర్తిగా విన్నాను.

జీపులు రాలేదు. ఎవరూ రాలేదు. జనం ఎలా వచ్చారో అలాగే సందుల్లోకి వెళ్ళిపోయారు.

నేను ఎంచుకున్న నాటకం ఇది. నాలుగు గోడల మధ్య మొదటి అంకం దాటనివ్వలేకపోయాను.

ఆగస్టు 11, శనివారం

నిన్న సాయంత్రం పాత సినిమా హాలు చుట్టూ మూడు జీపులు కాపు కాశాయట. పావురాలు తప్ప ఎవరూ లేరట. ఊరంతా చెప్పుకుంటున్నారు. నవ్వుతున్నారు కూడా. నాకు నవ్వు రావడం లేదు. వాళ్ళని పంపిన కాగితం మీద సంతకం ఎవరిదో నాకు తెలుసు.

అమ్మాయీ, కంచూ, పెన్సిలూ పొద్దున్నే బయలుదేరారు. ఇంకో ఊళ్ళో వేస్తారట. "ఎక్కడో చెప్పనా?" అంది అమ్మాయి. వద్దన్నాను. దాని తల నిమిరి, తోవలో తినడానికి మూట కట్టి ఇచ్చాను.

ఆగస్టు 12, ఆదివారం

వచ్చాడు. గుమ్మం బయటే ఆగాడు. కింద వీధిలో కారు, అందులో ఇద్దరు. క్లాసులో వెనక కూర్చున్నవాళ్ళే.

"లోపలికి రా. చల్లారిపోతోంది," అన్నాను.

"డ్యూటీ మీద వచ్చానక్కా."

"ఎప్పుడూ డ్యూటీ మీదే వచ్చావు కదరా. అన్నం పెట్టలేదా? రా."

మొహం నల్లబడింది. బూట్లు విప్పి లోపలికి వచ్చాడు. కంచం ముందు కూర్చున్నాడు కానీ చేయి పెట్టలేదు. వాడి కళ్ళు ఉబ్బి ఉన్నాయి, రెండు రోజులుగా నిద్ర లేనట్టుంది. పిల్ల ఎక్కడని అడిగాడు. తెలియదన్నాను. ఈసారి అది నిజం. నమ్మాడో లేదో.

"నాకు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదక్కా నువ్వు."

"నువ్వు నాకు చెప్పావా నిజం?"

గొంతు తగ్గించి, వంటింట్లో ఎవరైనా వింటున్నట్టు, తొందర తొందరగా అన్నాడు. "విను. మా ఆఫీసులో ఒకటే ప్రశ్న అడుగుతారు. ఆ నాటకం ఎవరు ఎంచుకున్నారని. ముసలాయన పేరు చెప్పు. ఆయనకేం, ఇవాళో రేపో పోయే మనిషి. లేదా ఆ హాస్టలు పిల్ల పేరు చెప్పు. ఎలాగూ పారిపోయింది. సాయంత్రానికి నిన్ను ఇంటికి తెచ్చి దింపే పూచీ నాది. నీకు దణ్ణం పెడతాను, ఒక్క పేరు చెప్పక్కా."

చెప్పక్కా అన్నాడు. ముద్ద కోసం నోరు తెరిచి కూర్చున్న పిల్లాడిలా.

"ముందు తిను," అన్నాను.

తింటున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కంచంలో పడుతున్నా తింటున్నాడు. నేను లోపలికి వచ్చి చీర మార్చుకున్నాను. రెండు మూడు నిమిషాలు మిగిలితే ఇది రాస్తున్నాను. అక్షరాలు బాగానే పడుతున్నాయి. కింద కారు హారను ఒకసారి మోగింది.

చేయి కడుక్కుంటున్న చప్పుడు. "వెళ్దామా?" అంటున్నాడు. "ఏం చెబుతావక్కా అక్కడ?"

ఇక్కడి నుంచే గట్టిగా చెప్పాను, కింద కారులో వాళ్ళకి కూడా వినపడాలని.

"నేనే ఎంచుకున్నానురా."